పాతకారు వెనుక బ్రేకులు

వేగముగా పోవు బండిని మెచ్చుకొనని వారుండరు. దానిని ఆపు సాధనమును గూర్చి ఆలోచించువారు మాత్రము కొలదిమందియే. బండి ఆగినంతకాలము బ్రేకు ఎవరికిని గుర్తురాదు. ఆగనినాడు గుర్తువచ్చియు ప్రయోజనముండదు. కనుక ఈనాటి ప్రసంగములో బ్రేకులను గూర్చి, అందును ముఖ్యముగా వెనుక చక్రముల బ్రేకులను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

1999లో ఫోర్డు ఐకాన్, 2000లో హోండా సిటీ వీటెక్ మన దేశపు రోడ్లపైకి వచ్చినవి. నూరు అశ్వశక్తులకు అటునిటుగా బలముగల ఇంజన్లతో ఆనాటి యువకుల మనస్సులను దోచుకొన్న కార్లవి. ఇప్పుడవి పాతబడినవి; ధర తగ్గినది. బందరు, గుడివాడ మొదలు నాగాయలంక వరకు అటువంటి పాతకారును కొని, ముచ్చటపడి బాగుచేయించుకొన గోరువారు మనలో కలరు. ఈ రెండు కార్లకును ముందు చక్రములకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రములకు డ్రమ్ము బ్రేకులు ఉండును. ఇంజను బాగుపడి, క్రొత్త టైర్లు వచ్చిన పిమ్మట యజమాని దృష్టి ఆ వెనుక డ్రమ్ములపై పడును. “వీనిని తీసి డిస్కులు వేయించినచో బండి ఇంకను త్వరగా ఆగును గదా!” అని ఆయన తలచును. ఈ తలపు సహజమైనదే. కాని దానిని కొంచెము పరీక్షింపవలసియున్నది.

డిస్కు బ్రేకు నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులో లాంచెస్టర్ అను ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు పొందెను. 1953లో ఫ్రాన్సునందలి లెమాన్ పందెమున నాలుగు చక్రములకును డిస్కులుగల జాగ్వార్ కారు గెలిచిన తరువాత లోకము దాని సంగతి గ్రహించినది. రెండేండ్లకు, 1955లో, ఫ్రెంచివారి సిత్రోయెన్ డి.ఎస్. కారు డిస్కులతో వచ్చినది. అయితే ఆ డిస్కులు ముందు చక్రములకు మాత్రమే. వెనుక డ్రమ్ములనే ఉంచిరి. తరువాత ఎందరో తయారీదారులు ఆ పద్ధతినే అవలంబించిరి. దీనికి ఖర్చు ఒక కారణమే గాని, అంతకంటె ముఖ్యమైన కారణము మరొకటి కలదు.

బస్సు హఠాత్తుగా ఆగినప్పుడు నిలుచున్నవారు ముందుకు తూలుట మనమందరము ఎరిగినదే. కారు బరువును అట్లే ముందుకు తూలును. వేయి కిలోల కారును తీసికొందము. నిలిచియున్నప్పుడు ముందు చక్రములపై 600 కిలోలు, వెనుక చక్రములపై 400 కిలోలు ఉన్నవనుకొందము. పొడి రోడ్డుపై గట్టిగా బ్రేకు వేసినచో సుమారు 165 కిలోల భారము వెనుకనుండి ముందునకు మారును. అప్పుడు ముందు 765 కిలోలు, వెనుక 235 కిలోలు మాత్రమే నిలుచును. భారము తగ్గిన టైరునకు నేలపై పట్టును తగ్గును. ఆ కొద్దిపాటి పట్టునకు డ్రమ్ము బ్రేకు సాధారణముగా చాలును.

నిజమునకు బండిని ఆపునది టైరునకు నేలకు గల పట్టు. ఆ పట్టును నాలుగు చక్రములకు వాని వాని శక్తిననుసరించి పంచుటయే బ్రేకుల పని. ఉన్న బ్రేకే చక్రమును బిగించి నిలుపగలిగినప్పుడు, దానికంటె పెద్ద బ్రేకు వేసినంత మాత్రమున ఆగు దూరము తగ్గదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు మంచి పొడి రోడ్డుపై, బ్రేకు పడిన తరువాత, సుమారు 32 మీటర్లలో ఆగును. పట్టు సగమైన తడి రోడ్డుపై అదే కారునకు 63 మీటర్లు కావలెను. కాలు పెడలును చేరులోగా గడచు ఒక సెకనులో మరి 22 మీటర్లు సాగిపోవును. డిస్కు వేసినను, డ్రమ్ము వేసినను ఈ లెక్క మారదు.

ఇక అసలు ప్రమాదమును చెప్పుదుము. ముందు చక్రములు బిగిసి జారినచో బండి చెప్పిన మాట వినదు గాని తిన్నగానే పోవును. వెనుక చక్రములు ముందుగా బిగిసినచో బండి వెనుకభాగము ప్రక్కకు తిరిగి, క్షణములో బొంగరమగును. మన దివిసీమ రోడ్లను తలచుకొనుడు: ఒక ప్రక్క కాలువ, మరొక ప్రక్క చేను లేక రొయ్యల చెరువు. కోతలనాడు రోడ్డుపై ధాన్యము ఆరబోయుదురు. వానలనాడు ట్రాక్టరు చక్రముల బురద పడియుండును. చేపల లారీలనుండి నీరు కారుచుండును. ఇట్టిచోట తిరిగిన బండికి తప్పించుకొన తావెక్కడిది? వెనుక సీటులో కూర్చున్న తల్లికి, బిడ్డలకు ఆ కాలువయే గతి యగును. చక్రములు బిగియకుండ కాపాడు ఏ.బి.ఎస్. సాధనమును మన దేశమున క్రొత్త కార్లకు 2018-19లో తప్పనిసరి చేసిరి. పాత కార్లలో పెక్కింటికి అది లేదు.

కనుక మార్పునకు ముందు ఉన్నదానిని బాగుచేయవలెను. నాగాయలంక కృష్ణ సముద్రమున కలియు చోటికి చేరువ. ఇచటి ఉప్పుగాలి ఇనుమును తినివేయును. వెనుక వీల్ సిలిండరు ఒకటి తుప్పుపట్టి కదలకున్నచో ఆ చక్రము బ్రేకు పనిచేయదు. యజమాని నింద డ్రమ్ముపై వేయును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 రకపు ఆయిలు క్రొత్తదైనప్పుడు 230 డిగ్రీల వరకు మరుగదు. నీరు చేరినచో 155 డిగ్రీలకే మరుగవచ్చును. అప్పుడు పెడలు మెత్తగా లోనికి పోవును. రెండేండ్లకొకసారి ఆయిలు మార్చి, గాలి తీయించుట మంచిది. లైనర్లు, గొట్టములు, హ్యాండ్ బ్రేకు తీగ పరీక్షింపవలెను. పాత లైనర్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును గనుక దానిని గాలి గొట్టముతో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను. నీటిలో నడచివచ్చిన పిమ్మట పెడలును మెల్లగా నొక్కుచు కొంతదూరము పోనిచ్చినచో డ్రమ్ములు ఆరును.

ఇంత చేసినను డిస్కులే కావలెనన్నచో, మూడు సంగతులు మరువరాదు. డ్రమ్ములో షూ ఒకటి తిరుగు డ్రమ్ముచే లోనికి లాగబడి తనంత తానే బలము పెంచుకొనును. డిస్కునకు ఆ గుణము లేదు. కావున డ్రమ్మునకై అమర్చిన మాస్టర్ సిలిండరు, వెనుక ఒత్తిడిని తగ్గించు వాల్వు డిస్కునకు సరిపడకపోవచ్చును. క్యాలిపరు చిన్నదైనచో వెనుక బ్రేకు సోమరియగును. పెద్దదైనచో వెనుక చక్రములు ముందే బిగియును. ఇది మొదటిది. రెండవది హ్యాండ్ బ్రేకు. కరకట్ట వాలున నిలుపునప్పుడు, రేవున పంటు ఎక్కించునప్పుడు అదియే ఆధారము; క్రొత్త క్యాలిపరులో దానికి ఏర్పాటు ఉండితీరవలెను. మూడవది, విజయవాడ ఆటోనగరులో దొరకు విడి భాగములను తలయొక చోటినుండి తెచ్చి కూర్చుట కంటె, అదే కారునకు తయారీదారు వెనుక డిస్కులతో అమ్మిన రకము ఏదైనను ఉన్నచో, ఆ సామగ్రిని వాల్వుతో సహా పూర్తిగా అమర్చుట మేలు. పని ముగిసిన పిమ్మట చక్రము చక్రమునకు బలము చూపు పరీక్షాయంత్రముపై బండిని ఎక్కించి చూడవలెను.

మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను వాహనములలో చేయు మార్పులకు హద్దులు పెట్టినది. కావున రవాణాశాఖవారిని ముందుగా అడుగుట విధి. పదునైదేండ్లు నిండిన సొంతకారు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు ఎట్లును వారి పరీక్షకు పోవలసినదే.

డిస్కు మంచిదే, డ్రమ్మును చెడ్డది కాదు. ఇంజను బలము పెంచుకొన్న యజమాని వెనుక బ్రేకుల విషయమున తొందరపడక, ముందు ఉన్న నాలుగు చక్రములును సమముగా పనిచేయుచున్నవా అని చూచుకొనుగాక. అందుకు డిస్కుల ఖరీదులో నాలుగవ వంతైనను కాదు. కాలువగట్టుపై రాత్రివేళ గేదె అడ్డము వచ్చినప్పుడు బండి తిన్నగా నిలుచుటయే దాని విలువ.