డొంకలో దిగే బండికి ఏం చేద్దాం? డొంకకు ఏం చేద్దాం?

(మండల రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించి, కౌలు రైతుల గురించి పెద్దలు చెప్పారు. నాకు ఇచ్చిన విషయం చిన్నది. పొలం డొంకలో మన మోటారు సైకిలు. చిన్నదే గాని రోజూ ఎదురయ్యేది. ఎడ్లబండ్లు పోయాయి. ట్రాక్టరు అందరికీ లేదు. ఎరువు కట్ట, మందు డబ్బా, పాల క్యాను, గడ్డిమోపు అన్నీ ఎక్కేది ఆ ఒక్క బండి మీదే. కంపెనీ దాన్ని రోడ్డు కోసం తయారు చేసింది. మనం నల్లరేగడిలోకి దించుతున్నాం. ఎక్సెల్ అయినా స్ప్లెండర్ అయినా అదే తంతు.

కొత్త బండి కొనక్కర్లేదు. ఉన్నదానికే తక్కువ ఖర్చుతో చేసుకోదగ్గవి చెబుతాను.

మొదటిది టైరు. చేతిలో ఉన్న డబ్బు ముందు దీనికే పెట్టండి. అరిగిన టైరుతో ఎంత మంచి బండైనా డొంకలో జారుతుంది. మార్చేటప్పుడు వెనక బటన్ టైరు వేయించండి. సైజు మాత్రం పాత టైరు పక్కన రాసి ఉన్నదే. లావు టైరు వేస్తే చైనుకో మడ్‌గార్డుకో రాసుకుంటుంది. తారు రోడ్డు మీద తడిగా ఉన్నప్పుడు బటన్ టైరుకు పట్టు కాస్త తక్కువ, మలుపుల్లో నిదానం.

రెండోది గాలి. ఇసుక బాటలో ఖాళీ బండికి మూడు నాలుగు పాయింట్లు తగ్గిస్తే టైరు పరుచుకుని పట్టు దొరుకుతుంది. బరువు ఉంటే తగ్గించొద్దు, ట్యూబు కొరుక్కుపోతుంది. రోడ్డెక్కేముందు మళ్లీ కొట్టించాలి. డిక్కీలో చిన్న పంపు ఉంటే చాలు.

మూడోది ముందు మడ్‌గార్డు. రేగడి మట్టి అందులో ఇరుక్కుని చక్రం బిగుసుకుపోవడం మనందరికీ తెలిసిందే. బోల్టుల దగ్గర వాషర్లు వేసి అరంగుళం ఎత్తితే కొంత మేలు. హ్యాండిలు అటూ ఇటూ తిప్పి, బ్రేకు వైరు ఎక్కడా తగలకుండా చూసుకోండి. ఒక ఇనుప పుల్ల బండికి కట్టి ఉంచుకోండి.

నాలుగోది ఇంజను కింద రేకు. రాయి తగిలి ఆయిలు కారితే రిపేరు ఖర్చు ఆ రేకు ఖరీదుకు ఎన్నో రెట్లు. బోల్టులతోనే బిగించాలి. ఆయిలు తీసే చోట రంధ్రం ఉండాలి. ఇంజనుకు గాలి తగిలే దారి మూయకూడదు.

బరువు ఎప్పుడూ కిందికి, రెండు పక్కలా సమంగా ఉండాలి. సీటు మీద ఎత్తుగా పేరిస్తే బురదలో ముందు చక్రం తేలిపోతుంది. బురదలో ముందు బ్రేకు పట్టొద్దు. వాగులో నీళ్లు సైలెన్సరును ముంచేంత ఉంటే దిగొద్దు. మధ్యలో ఆగిపోతే మళ్లీ కిక్కు కొట్టొద్దు, నెట్టుకుని ఒడ్డుకు తేవాలి. ఇంజనులోకి నీళ్లు వెళ్లి ఉంటే లోపల రాడ్డు వంగుతుంది. ఇంటికొచ్చాక చైను కడిగి ఆయిలు వేయండి.

ఇక చేయకూడనివి. ఛాసిస్ కోసి వెల్డింగు పెట్టించడం, వెనక ఫోర్కు పొడవు చేయించడం వద్దు. వెల్డింగు చేసిన చోటే బరువుకు పగులుతుంది. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ చేసిన తీరు మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ప్రమాదం జరిగితే ఆ మార్పునే చూపి బీమా కంపెనీ పరిహారం కాదనొచ్చు. సీటు కింద చీర గార్డు కూడా తీయొద్దు. వెనక కూర్చునేది మన ఆడవాళ్లే.

అయితే ఒక్క మాట. రేగడి నేల తడిగా ఉన్నప్పుడు ఏ టైరూ పనికిరాదు. అప్పుడు అడగాల్సింది టైరు సంగతి కాదు, డొంక సంగతి. రెండు ఎడ్లబండ్లు ఎదురెదురుగా తప్పుకున్న డొంకలు ఇవాళ మోటారు సైకిలు పట్టనంత సన్నబడ్డాయి. వానలు తినేయలేదు వాటిని. ప్రతి ఏడూ ఒక్కో నాగటి చాలు చొప్పున గట్టు జరిపింది ఇరువైపులా ఉన్న రైతులే. ప్రభుత్వాన్ని అడిగే ముందు ఈ మాట మనలో మనం అనుకోవాలి.

ఊరి పటం చూస్తే డొంక ఎంత వెడల్పుందో తెలుస్తుంది. సర్వే చేయించి హద్దులు చూపమని తహసీల్దారును అడగొచ్చు. ఆక్రమణ తీయించే అధికారం 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద ఆయనకు ఉంది. ఉపాధి హామీ పనుల్లో పొలం బాటలు వేసిన ఊళ్లు ఉన్నాయి. మన గ్రామసభ తీర్మానం లేకుండా ఎవరూ వచ్చి వేయరు.

టైరు ఎవరిది వాళ్లే కొనుక్కుంటాం. డొంక మాత్రం ఒక్కడి వల్ల బాగుపడదు. అందుకే నా ప్రతిపాదన ఇది. ఈ నెలాఖరు లోపల ప్రతి గ్రామ శాఖా తమ ఊరి డొంకల జాబితా రాయాలి. సర్వే నంబరు, పటంలో ఉన్న వెడల్పు, ఇప్పుడు మిగిలిన వెడల్పు మూడూ అందులో ఉండాలి. గట్టు జరిపినవాళ్లు మన సంఘం సభ్యులైతే ముందు వాళ్లే వెనక్కి జరపాలి. ఆ పని చేసి జాబితా పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళితే మన మాటకు బరువు ఉంటుంది.