భుజం వెనక్కు తొలగితే
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఎముకల వైద్యులుగా మేము ఈ రోజు ఒకే ఒక విషయం మనవి చేయదలచినాము. అది భుజం కీలు వెనక్కు తొలగడం.

నూరు భుజాలు తప్పితే అందులో వెనక్కు పోయేవి రెండు నుంచి నాలుగు మాత్రమే. ఇంత అరుదైన సంగతి ఈ సభలో ఎందుకని మీరడగవచ్చును. వీటిలో సగానికి పైగా మొదటి పరీక్షలో దొరకకుండా జారిపోతున్నవి, అందుకే చెబుతున్నాము. ముందుకు తొలగిన భుజాన్ని ఎవరైనా గుర్తుపడతారు. గుండ్రదనం పోయి చదునవుతుంది. వెనక్కు పోయినవాడు మాత్రం చేయి పొట్టకు ఆనించి, లోపలికి తిప్పుకొని కూర్చుంటాడు. చూసేవారికి నొప్పికి ఒద్దికగా పెట్టుకొన్నట్టే ఉంటుంది!

స్కూటరు మీదనుంచి పడినా ఇది జరగవచ్చు గాని, ముఖ్యంగా అనుమానించవలసినవి ఫిట్స్, కరెంటు షాకు. చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటికంటే బలమైనవి. అన్నీ ఒక్కసారిగా బిగుసుకొన్నప్పుడు బలమైనవే గెలుస్తాయి, కీలు బంతి వెనక్కు పోతుంది. ఒక్కోసారి రెండు భుజాలూ పోతాయి. మూర్ఛ తరువాత ఇలా జరిగిన కేసును ఇంగ్లండులో ఆస్ట్లీ కూపర్ 1839లోనే వర్ణించాడు. ఎక్స్‌రే వచ్చినది 1895లో. అంటే కన్నూ చెయ్యీ చాలునన్నమాట.

పరీక్ష సులభం. మోచేయి పక్కకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమనండి. తిరగదు. మనం తిప్పబోయినా తిరగదు. చిల్లర అందుకొనేటట్టు చేయి ముందుకు చాపి అరచేయి పైకి పెట్టమంటే పూర్తిగా పెట్టలేడు. భుజం వెనుక ఉబ్బుగా, ముందు ఎముక మొన తేలినట్టుగా ఉంటుంది.

ముందునుంచి తీసిన ఒక్క ఎక్స్‌రేను నమ్మరాదు. అందులో అంతా సరిగా ఉన్నట్టే కనిపిస్తుంది. తెలిసినవారికి మాత్రం బంతి కరెంటు బల్బులాగా గుండ్రంగా కనిపిస్తుంది. చంక వైపునుంచి రెండో ఫోటో తీయాలి. చేయి ఎత్తలేకపోతే రోగిని వెనక్కు వాల్చి పైనుంచి తీయవచ్చు. అప్పటికీ అనుమానం తీరకపోతే సి.టి. స్కాన్ ఉండనే ఉన్నది.

మా దగ్గరకు వచ్చిన ఒక దర్జీ సోదరుని సంగతి వినండి. రాత్రి నిద్రలో ఫిట్స్ వచ్చినవి. తెల్లారి చూస్తే కుడిచేయి తిరగదు. ఒకచోట ఒక్క ఫోటో తీసి ఎముక విరగలేదన్నారు. మరొకచోట ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. నూనె మర్దనాలు కూడా అయినవి. ఫ్రోజెన్ షోల్డర్ వారాల తరబడి మెల్లగా బిగుస్తుంది గాని రాత్రికి రాత్రి రాదు కదా! నాలుగు నెలలకు మా వద్దకు వచ్చేసరికి, గుడ్డమీద గజంబద్ద బయటికి జరపలేని స్థితి. వెనక అంచు ఒరిపిడికి బంతిలో మూడో వంతు నొక్కుకుపోయింది. ఆపరేషన్ చేసి, ముందరి కండరాన్ని దాని ఎముక ముక్కతో సహా ఆ సొట్టలో బిగించినాము. ఇప్పుడు మిషను తొక్కుతున్నాడు గాని చేయి పూర్తిగా పైకెత్తలేడు.

అదే మూడు వారాలలోపు, సొట్ట చిన్నదిగా ఉన్నప్పుడు వస్తే, మత్తు ఇచ్చి, చేతిని మెల్లగా లాగుతూ, వెనుకనుంచి బంతిని ముందుకు నెట్టి కూర్చోబెట్టవచ్చు. మెడ దగ్గర ఎముక చిట్లలేదని ముందుగా చూసుకోవాలి. బలవంతం పనికిరాదు. సగం బంతి పాడైతే కృత్రిమ కీలు తప్ప గత్యంతరముండదు. ఆ ఖర్చు ఎంతమంది భరించగలరో మీకు తెలియనిది కాదు.

కూర్చోబెట్టిన తరువాత మామూలుగా మెడకు గుడ్డ కట్టి పొట్టమీద చేయి వేలాడదీస్తే మళ్లీ జారుతుంది. ముంజేయి ఎదురుగా, కాస్త బయటికి ఉండేటట్టు నాలుగు నుంచి ఆరు వారాలు పట్టీ వేయాలి. ఆ తరువాతే వ్యాయామం.

ఫిట్స్ వచ్చిన మనిషిని నలుగురు పట్టి అదమకండి. తాళంచెవులు చేతిలో పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తెలివి వచ్చాక రెండు భుజాలూ తిప్పించి చూడండి. ఫిట్స్ మాత్రలు ఒక్క పూట మానినా మళ్లీ రావచ్చును. రంజాను నెలలో మాత్రల వేళలు మార్చవలసివస్తే, నెల మొదలు కాకముందే డాక్టరును కలిసి అడగండి.