మొక్కల కణపొరలను విడదీసే ఎంజైములు

మొక్కలోని ప్రతి జీవకణాన్నీ ఒక పలుచని పొర చుట్టి ఉంటుంది. దాని పేరు కణత్వచం. మిల్లీమీటరులో లక్షో వంతు మందం కూడా లేని ఈ పొరే కణంలోని నీటినీ, లవణాలనూ, చక్కెరలనూ బయటికి కారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఇలాంటి పొరలు కణం లోపలా ఉన్నాయి. ఆకుకు పచ్చదనమిచ్చే హరితరేణువుల్లో అవి దొంతరలు దొంతరలుగా ఉంటాయి. వీటికి మూల పదార్థం కొవ్వు జాతికి చెందిన లిపిడ్లు. కణాన్ని చుట్టిన పొరలో ఫాస్ఫేటు ఉన్న ఫాస్ఫోలిపిడ్లు ముఖ్యం. హరితరేణువుల పొరల్లో గాలక్టోజ్ అనే చక్కెర తగిలిన గాలక్టోలిపిడ్లదే పెద్ద భాగం.

ఫాస్ఫోలిపిడ్ అణువుకు నడుమ గ్లిసరాల్ ఉంటుంది. దానికి ఒకవైపు రెండు పొడవాటి కొవ్వు ఆమ్లాలు తోకల్లా అతుక్కుని ఉంటాయి. మరోవైపు ఫాస్ఫేటు, దాని కొసన కోలిన్ వంటి చిన్న భాగం తలగా ఉంటాయి. తల నీటిలో ఇముడుతుంది, తోకలకు నీరు పొసగదు. అందుకే ఈ అణువులు తలలు బయటికీ తోకలు లోపలికీ పెట్టుకుని రెండు వరుసల్లో అమరుతాయి. కణపొర అంటే ఆ అమరికే.

ఈ అణువులను కోసే ఎంజైములను ఫాస్ఫోలైపేజులు అంటారు. అణువును ఎక్కడ కోస్తాయో దాన్నిబట్టి వాటికి పేర్లు పెట్టారు. తోకను ఊడదీసేది ‘ఎ’ రకం. గ్లిసరాల్‌కూ ఫాస్ఫేటుకూ మధ్య కోసేది ‘సి’ రకం. ఫాస్ఫేటును వదిలేసి, తల కొసనున్న కోలిన్ వంటి భాగాన్ని మాత్రం తీసేది ‘డి’ రకం. అప్పుడు మిగిలేది ఫాస్ఫాటిడిక్ ఆమ్లం.

మొక్కల విషయంలో ఎక్కువగా చెప్పుకోవలసింది ఈ ‘డి’ రకం గురించే. దీని ఉనికి మొదట బయటపడింది క్యారెట్‌లో. 1947లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హనహన్, చైకాఫ్ అనే శాస్త్రవేత్తలు క్యారెట్ లిపిడ్లను పరీక్షించారు. పచ్చి దుంపల నుంచి తీసిన లిపిడ్లలో కోలిన్ ఊడిపోయి కనిపించింది. ముందే ఆవిరి పట్టిన దుంపల్లో అది పదిలంగా ఉంది. ఎంజైము ప్రోటీను కాబట్టి వేడికి చెడిపోతుంది. పచ్చి దుంపను నూరినప్పుడు మాత్రం కణాలు చిట్లి, ఎంజైము లిపిడ్ల మీద పడుతుంది. ఆ తర్వాత క్యాబేజీ ఆకుల్లోనూ వారు దాన్ని చూపించారు.

దీని జన్యువు దొరకడానికి మరో నలభై ఏడేళ్లు పట్టింది. అది దొరికింది ఆముదపు గింజలో. తెలంగాణ మెట్ట చేలకు ఏనాటి నుంచో తెలిసిన ఆ పంట గింజ నుంచే, 1994లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో షూమిన్ వాంగ్ బృందం ఆ జన్యువును వేరుచేసింది. ఆముదపు ఆకుకు గాయమైతే కణంలో కాల్షియం పెరుగుతుందనీ, అంతవరకూ కణద్రవంలో ఉన్న ఎంజైము దాంతో కదిలి పొర మీదికి చేరుతుందనీ ఆ బృందమే చూపించింది. ఈ ఎంజైమును తయారుచేసే జన్యువులు మొక్కలో ఒకటీ రెండూ కాదు. ప్రయోగశాలల్లో పెంచే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పన్నెండు, వరిలో పదిహేడు ఉన్నాయి.

తన పొరను తానే కోసుకునే ఎంజైమును మొక్క ఇన్ని రకాలుగా ఎందుకు దాచుకుంది? కోయగా వచ్చిన ముక్కలు మొక్కకు కబుర్లు కాబట్టి. నేలలో తడి ఆరినప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. అది ‘డి’ రకం ఎంజైమును ప్రేరేపిస్తుంది. కొద్దిగా పుట్టిన ఫాస్ఫాటిడిక్ ఆమ్లం, ఆ హార్మోను పనికి అడ్డుపడే ఒక ప్రోటీనును పట్టి ఆపుతుంది. అప్పుడు ఆకు మీది పత్రరంధ్రాలు మూసుకుని నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది. ఈ ఎంజైము లోపించిన మొక్కల ఆకులు నీటిని త్వరగా పోగొట్టుకుంటాయి. వర్షాధార సేద్యం చేసే ప్రాంతాలకు ఇది చిన్న విషయం కాదు.

‘ఎ’ రకానిదీ ఇలాంటి పనే. అది విడుదల చేసిన లినోలెనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం నుంచి జాస్మోనిక్ ఆమ్లం తయారవుతుంది. పురుగు ఆకు కొరికినప్పుడు మొక్కను రక్షణకు సిద్ధం చేసే హార్మోను ఇది. 2001లో జపాన్ శాస్త్రవేత్తలు వర్ణించిన ఒక అరబిడాప్సిస్ రకంలో ఈ తరహా ఎంజైము ఒకటి లోపించింది. ఫలితంగా పూలలోని పరాగకోశాలు సమయానికి పగలక పుప్పొడి రాలలేదు. పచ్చిగడ్డి కోసినప్పుడు గుప్పుమనే వాసన కూడా తెగిన పొరల కొవ్వు ఆమ్లాల నుంచి పుట్టేదే. నేలలో భాస్వరం చాలకపోతే మొక్క తన ఫాస్ఫోలిపిడ్లను విడదీసి, ఆ ఫాస్ఫేటును వేరే పనులకు వాడుకుని, పొరలోని ఖాళీలను గాలక్టోలిపిడ్లతో పూడ్చుకుంటుంది.

ఈ కోత అదుపు తప్పితే మాత్రం నష్టమే. తల కొస ఊడిన అణువులు ఎక్కువైతే పొరలో వరుస చెదిరి, లోపలి నీరూ లవణాలూ కారిపోతాయి. కోసిన ఆకుకూర మెత్తబడి పసుపెక్కడంలో దీని పాత్ర ఉంది. 1997లో వాంగ్ బృందం అరబిడాప్సిస్‌లో ‘డి’ రకం ఎంజైమును బాగా తగ్గించి చూసింది. తుంచిన ఆకులకు, ఆకును పండేలా చేసే అబ్సిసిక్ ఆమ్లం గానీ ఎథిలీన్ అనే హార్మోను గానీ తగిలించినా, అవి మామూలు ఆకులకన్నా నెమ్మదిగా పండాయి. మొక్కకే ఉన్న ఆకులు సహజంగా పండిపోవడంలో మాత్రం తేడా రాలేదు. ఆకు సహజంగా పండడం వేరు, తుంచిన ఆకు వాడిపోవడం వేరు అని ఈ ప్రయోగం సూచించింది.

పండ్ల నిల్వలోనూ ఈ జ్ఞానం అక్కరకొచ్చింది. పొరల కొవ్వు ఆమ్లాల నుంచే పుట్టే హెక్సనాల్ అనే వాసన పదార్థం ‘డి’ రకం ఎంజైమును అణచివేస్తుంది. కెనడాలోని గెల్ఫ్ విశ్వవిద్యాలయం, కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి, మామిడి పండ్లు త్వరగా పాడవకుండా హెక్సనాల్ వాడే పద్ధతుల మీద పనిచేశాయి.

ఇళ్లకు మరింత దగ్గరి ఉదాహరణ తవుడు. వరి గింజ పైపొరలో నూనె చిన్న చిన్న బిందువులుగా ఉంటుంది. ఒక్కో బిందువు చుట్టూ ఫాస్ఫోలిపిడ్ల పూత ఉంటుంది. మిల్లులో బియ్యం తెల్లబడేలా పాలిష్ పట్టినప్పుడు ఆ కణాలు చిట్లుతాయి. ‘డి’ రకం ఎంజైము పూతను పాడుచేస్తే, పక్కనే ఉన్న లైపేజు నూనె మీదికి చేరి కొవ్వు ఆమ్లాలను విడదీస్తుంది. ఆ తర్వాత తవుడుకు చేదూ ముక్కవాసనా వస్తాయి. అందుకే తవుడు నుంచి వంటనూనె తీసేవారు దాన్ని మిల్లు నుంచి వచ్చిన కొద్ది గంటల్లోనే బాగా వేడిచేసి ఎంజైములను చంపుతారు, లేదా వెంటనే నూనె తీసేస్తారు. తవుడు పొర పోని దంపుడు బియ్యం తెల్ల బియ్యమంత కాలం నిలవ ఉండకపోవడానికీ ఆ పొరలోని నూనే కారణం. దాన్ని కొద్దికొద్దిగా తెచ్చుకుని, గాలీ చెమ్మా తగలని డబ్బాలో, చల్లనిచోట ఉంచుకోవడం మేలు.