డాలు మీద సింహం, చిరుత

ఇంగ్లండ్ క్రికెట్ జట్టు చిహ్నంలో కిరీటం కింద మూడు సింహాలుంటాయి. ఒకదాని కింద ఒకటి నడుస్తూ, ముఖం మాత్రం చూసేవారి వైపు తిప్పుతాయి. ఆ బొమ్మకు ఎనిమిది వందల ఏళ్లు దాటాయి. 1198లో మొదటి రిచర్డ్ రాజు వాడిన రాజముద్రలో, గుర్రమెక్కిన ఆయన డాలు మీద ఈ మూడు మృగాలే కనిపిస్తాయి.

మధ్యయుగపు యూరప్‌లో యోధుడు ఇనుప శిరస్త్రాణం పెట్టుకుంటే ముఖం కనిపించేది కాదు. డాలు మీది గుర్తే అతని ఆనవాలు. అది దూరం నుంచి కూడా తెలియాలి. అందుకే అప్పటి చిత్రకారులు జంతువు సహజ రూపం కంటే భంగిమకే ఎక్కువ విలువ ఇచ్చారు. ఫ్రెంచి సంప్రదాయంలో వెనక కాళ్ల మీద లేచి పక్కకు చూసేది సింహం. అదే మృగం నడుస్తూ ముఖం ఎదురుగా తిప్పితే, ఒంటి మీద ఒక్క మచ్చ లేకపోయినా, చిరుత! ఆ లెక్కన ఇంగ్లండ్ రాజుల సింహాలు చాలాకాలం చిరుతలుగానే చెలామణి అయ్యాయి. స్కాట్లండ్ రాజచిహ్నంలో బంగారు రంగు మీద పంజా విసురుతూ లేచి నిలబడ్డ ఎర్ర మృగం మాత్రం ఎప్పుడూ సింహమే.

ఈ బొమ్మలు నిజమైన జంతువులను కూడా రప్పించాయి. 1235లో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్, ఇంగ్లండ్ రాజు మూడవ హెన్రీకి ఆయన రాజచిహ్నానికి తగినట్టు మూడు చిరుతలను కానుకగా పంపాడు. ఇలాంటి జంతువులను ఉంచిన లండన్ టవర్‌ కోటలోని రాజుగారి జంతుశాల ఆరు శతాబ్దాలు నడిచింది. 1930లలో ఆ కోట కందకం తవ్వినప్పుడు సింహాల పుర్రెలు బయటపడ్డాయి. అవి ఉత్తర ఆఫ్రికా జాతి సింహాలవని తర్వాత డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. ఆ జాతి ఇప్పుడు అడవుల్లో లేదు.