మూడు తరాలకు ఒకే గడప

చీరాల పక్కన వాడరేవులో తాతయ్య, నాయనమ్మ, కొడుకు, కోడలు, మనవలు కలిసి ఉండేందుకు ఇల్లు కొనాలనుకుంటున్నారా? గోడల రంగు తర్వాత చూద్దాం. ముందు బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. సముద్రం దగ్గర అవి ఉప్పగా ఉండొచ్చు. పైకప్పు పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తే ఉప్పుగాలి తన పని చేసిందన్నమాటే.

పెద్దవాళ్ల గది కిందే ఉండాలి, స్నానాలగదికి ఆనుకుని. తలుపు మూడడుగుల వెడల్పుంటే చక్రాల కుర్చీ పడుతుంది. తడిస్తే జారే నున్నటి టైల్స్ వద్దు. గోడకు పట్టుకునేందుకు ఒక కమ్మీ బిగించండి.

ఇక కాగితాలు. తీరం నుంచి 500 మీటర్ల దాకా తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఉంటాయి. ఇంటికి అనుమతి ఉందో లేదో అడగండి. ఆస్తిపై ఉన్న లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. డబ్బు పెట్టిన అందరి పేర్లూ దస్తావేజులో రాయించండి. అమ్మేది ఉమ్మడి ఆస్తి అయితే ఆ ఇంటి ఆడపిల్లల సంతకాలూ తీసుకోండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో హిందూ ఉమ్మడి ఆస్తిలో వారికి కొడుకులతో సమాన వాటా ఉంది.

తల్లిదండ్రులు ఇంటిని పిల్లలకు రాసిస్తే, తమను చూసుకోవాలన్న షరతు పత్రంలోనే పెట్టించాలి. ఆ మాట తప్పితే, 2007 నాటి వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ పత్రాన్ని రద్దు చేయగలదు. ఇలా రాసుకోవడం అపనమ్మకం కాదు, అందరికీ నిశ్చింత.

బయానా ఇచ్చేముందు నాయనమ్మను ఒకసారి ఆ ఇంటికి తీసుకెళ్లండి. ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరగగలిగితే, అది మీ అందరి ఇల్లు.