ర్యాప్ పాట మీద వాడ తీర్పు

(బసంత్‌నగర్‌లో వాడ జనం, కార్మికులు, విద్యార్థులు కలిసి కూర్చుని పాటలు విన్న తరువాత ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చు వేస్తున్నాం. - సం.)



మూడు ఆదివారాల సంది మనం సభ పెట్టలేదు, తీర్మానం చెయ్యలేదు. ఈ చెట్టు కింద కూసొని పాటలు విన్నం. అవి కూడ మనకు రాని తమిళ భాషల పాటలు. అరక్కోణం నుంచి వచ్చిన అరివు అనే దళిత యువకుడు, ఆఫ్రో అనే సంగీతకారునితో కలిసి 2019ల తెచ్చిన ఆల్బం అది. పేరు 'తెరుక్కురల్'. తమిళుల పెద్ద గ్రంథం తిరుక్కురళ్ పేరు మీరు వినే ఉంటరు. అక్కడ 'తిరు' అంటే శ్రీ. ఈయన ఆ 'తిరు' తీసి 'తెరు' పెట్టిండు. తెరు అంటే వీధి. శ్రీ ఉన్న జాగల వీధిని కూసోబెట్టిండు. పేరు కాడనే లడాయి మొదలైంది.

ఒక్కొక్క పాట ఆపి, ఇంగ్లీషుల దొరికిన అర్థం చూసి నేను తెలుగుల చెప్పిన. విన్నంక ఎవరికి తోచింది వాళ్ళు అన్నరు. ఆ మాటలు నోటుబుక్కుల రాసుకున్న. ఈ పొద్దు నేను చెప్పేదాంట్ల నా ఉపన్యాసం తక్కువ, మీ తీర్పు ఎక్కువ. పత్రికలల్ల పాటల మీద తీర్పు చెప్పేటోళ్ళు ఎవరు? మేడ మీద కూసున్న పండితులు. పాట కష్టజీవిది, తీర్పు పండితునిది! ఈ లెక్క ఎవరు పెట్టిండ్రు?

ముందుగాల ఒక మాట తేల్చాలె. ఇసొంటి వాటిని 'అండర్‌గ్రౌండ్' పాటలంటరు. మన దిక్కు అండర్‌గ్రౌండ్ అంటే రెండే అర్థాలు. ఒకటి బాయి కింద బొగ్గు. రెండోది, పోలీసులు వెతుకుతుంటే అజ్ఞాతంల ఉన్నోళ్ళు. ఇది మూడో అర్థం. వెనుక సినిమా కంపెనీ లేదు, టీవీ లేదు. రాసేది వాళ్ళే, రికార్డు చేసేది వాళ్ళే, జనంలకు ఇడిసేది వాళ్ళే. ఆలోచిస్తే ఈ మూడో అర్థం కూడ మనకు కొత్తది కాదు. గద్దర్ అజ్ఞాతంలో ఉన్న రోజులల్ల ఆయన గొంతు మన వాడలల్ల క్యాసెట్ రూపంల తిరిగింది. ఒక క్యాసెట్ మీదికెళ్ళి ఇంకో క్యాసెట్‌కు ఎక్కించుకునేటోళ్ళు, అది గరగర మొత్తుకునేదాక వినేటోళ్ళు. 1990 ఫిబ్రవరిల ఆయన బయటికొచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ గ్రౌండ్‌ల పాడితే మైదానం పట్టనంత జనం వచ్చిండ్రు. ఆ జనాన్ని పోగేసింది ఏ పేపరు ప్రకటన? పాట ముందుగాల వాడకు చేరింది కావట్టే, మనిషిని చూడ జనం కదిలిండ్రు.

ఇగ మీ మాటలకు వస్త.

మొదటి రోజు మన రిటైరైన కోల్ ఫిల్లర్ తాత అన్నడు: "ఇండ్ల పాట ఏది బిడ్డా? పంచాది పెట్టుకున్నట్టున్నది." అందరం నవ్వినం. కని ఆ మాట తీసెయ్యొద్దు. రాగం తీస్తెనే పాట అని మనకు నేర్పింది ఎవరు? చిందు భాగోతంల వేషగాడు దరువు మీద మాట ఎత్తుకుంటడు. ఒగ్గు కథల డోలు మోగుతుంటె కథకుడు గుక్క తిప్పుకోకుండ చెప్తడు. డక్కలోళ్ళు జాంబపురాణం చెప్తుంటే అది పాటనా, మాటనా? మాటకు దరువు కట్టుడు మన తాతల నాటి పని. ర్యాప్ అంటే కూడ అదే. ఆ ఆల్బంల 'యాంటీ ఇండియన్' అని ఒక పాట ఉన్నది. ప్రశ్న అడిగినోన్ని దేశద్రోహి అనే కాలం మీద అరివు ఎక్కుపెట్టిన పాట. దాని అర్థం చెప్తుంటే వెనుక నుంచి ఒక కాంట్రాక్టు కార్మికుడు అన్నడు: "జీతం అడిగితే కంపెనీకి శత్రువు, బాట అడిగితే ఊరికి శత్రువు. ఇగ దేశం ఎందుకు ఊకుంటది?" గీ మాట ఏ పండితుడు రాసిండు? అది విన్నంక తాత మళ్ళ నోరు తెరిచిండు: "పాటనో కాదో నాకు తెల్వది గని, పంచాది మాత్రం నాయమైనదే." నా నోటుబుక్కుల ఈ వాక్యం కింద రెండు గీతలు కొట్టుకున్న.

రెండో మాట మన సంఘం మిత్రునిది. చదువుకున్నడు, నిబద్ధత ఉన్నోడు. "ఇది అమెరికా సంస్కృతి, సామ్రాజ్యవాదం పిల్లల చెవుల నింపుతున్న చెత్త" అన్నడు. సగం నిజం. బంగారు గొలుసులు, కార్లు, ఆడోళ్ళను అంగట్ల సరుకులెక్క చూపెట్టే ర్యాప్ బొచ్చెడు ఉన్నది. అది చెత్తనే. కని పుట్టుక ఎక్కడ? న్యూయార్క్‌ల బ్రాంక్స్ అనే పేట. నల్లజాతి కూలీలు, పోర్టోరికో నుంచి, జమైకా నుంచి వచ్చిన వలస జనం ఉండే పేట. పెద్ద హైవే వేస్తమని వాళ్ళ ఇండ్లు కూలగొట్టిండ్రు. ఓపెన్‌కాస్టు కోసం మన దిక్కు ఊర్లకు ఊర్లే లేచిపోయినయి, మీకు విడమరిచి చెప్పే పని లేదు. ఆ పేటల 1973 ఆగస్టు 11న ఒక బిల్డింగు కింది హాలుల జమైకా నుంచి వచ్చిన పోరడు కూల్ హెర్క్ తన చెల్లె పెట్టిన దావతుల రికార్డులు వేసిండు. పాట మధ్యల డ్రమ్ము ఒక్కటే మోగే ముక్క ఉంటది సూడు, జనం ఆ ముక్కకే ఎక్కువ ఎగురుతున్నరని కనిపెట్టిండు. రెండు రికార్డు ప్లేయర్లు పెట్టి అదే ముక్కను మళ్ళ మళ్ళ తిప్పిండు. అంటే ఏం చేసిండు? పాటల నుంచి డప్పును బయటికి తీసిండు. దాని మీద మాటలు వచ్చినయి. 1982 వరకు ఆ మాటలు మురికివాడల బతుకును, పోలీసులను, నిరుద్యోగాన్ని చెప్పేదాక వచ్చినయి. దీన్ని సామ్రాజ్యవాదం అందామా, సామ్రాజ్యవాదం కడుపుల నుంచి లేచిన పొలికేక అందామా?

నల్లోళ్ళ దగ్గర మనం నేర్చుకునుడు నిన్నటి ముచ్చట కాదు. ఫూలే 1873ల 'గులాంగిరి' రాసి, బానిసల విముక్తి కోసం కొట్లాడిన అమెరికా జనానికి అంకితం ఇచ్చిండు. బాబాసాహెబ్ 1946ల నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసిండు. 1972ల బొంబాయిల దళిత్ పాంథర్స్ పుట్టింది బ్లాక్ పాంథర్స్ పేరు విని. పేరు తెచ్చుకుంటే తప్పు లేదు, దరువు తెచ్చుకుంటే తప్పయిందా? మన భజన మండలిల హార్మోనియం ఏ ఊరిదో ఎన్నడన్న అడిగినమా?

ఇంకోటి సూడండి. మద్రాసుల దర్శకుడు పా. రంజిత్, సంగీతకారుడు తెన్మా కలిసి 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అని ఒక జట్టు కట్టిండ్రు. మొదటి కచేరి 2018 జనవరి 6న. కులం లేని తమిళులం అని చెప్పిన అయోతీదాస్ పండితుని మాట నుంచి ఆ పేరు తీసుకున్నరు. రిజర్వేషన్ల మీద పాట, గొడ్డు కూర మీద పాట. గిటారు పక్కన పరై మోగించిండ్రు. పరై అంటే మన డప్పుకు తోడబుట్టింది. ఆ వాయిద్యం పేరు మీద ఒక కులానికి పేరు, ఆ కులం పేరు ఇంగ్లీషు భాషలకు పోయి 'వెలివేసినోడు' అని అర్థం. తోలును ముట్టినందుకు ప్రపంచ భాషలనే మనల్ని వెలేసిండ్రన్నట్టు! అరివు గొంతు ఆ జట్టుల నుంచే లోకానికి ఇనపడ్డది.

మూడో మాట నన్ను నిద్రపోనియ్యలేదు. సిమెంటు ఫ్యాక్టరీల లోడింగు పనికి పోయే ఒక అన్న అన్నది: "సారూ, పాట మంచిగుంది గని జోరుగ పోతున్నది. మా పిలగాడు చెవుల పుల్లలు పెట్టుకొని ఒక్కడే వింటడు. ఆడు ఏం వింటున్నడో నాకు తెల్వది, నేను ఏం పాడుకున్ననో ఆనికి తెల్వది." ఇది అసలైన విమర్శ. క్యాసెట్ ఒక ఇంట్ల పెడితే నాలుగిండ్లకు ఇనపడేది. తిట్టేటోడు కూడ వినేటోడు. పాట మీద కొట్లాట అయ్యేది, ఆ కొట్లాటల నుంచే సంఘం పుట్టేది. పల్లవి జనం ఎత్తుకునేదాక పాడేటోడు ఆగేటోడు. ఈ కొత్త పాటల జనం ఎత్తుకునే జాగ చానా తక్కువ. రాసేటోడు తన తెలివిని చూపెట్టుకోవాలని ప్రాస మీద ప్రాస పేర్చి పరుగు తీస్తున్నడు. వెనుక జనం వస్తున్నరా లేదా చూసుకోవద్దా? తమ్ములారా, మీ మీద కోపంతోని అంటలేను. బడిల పాఠం చెప్పేటోనికి తెలుసు, వెనుక బెంచి పిల్లగానికి అందకపోతే అది పాఠమే కాదు.

నాలుగో మాట ఇంటర్ చదివే ఒక బిడ్డది. "అన్ని మగ గొంతులే ఉన్నయేంది సార్? అమ్మ కష్టం పాడుతరు గని అమ్మను పాడనియ్యరా?" అన్నది. మగోళ్ళం అందరం నేల చూసినం. క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌ల ఇసైవాణి అనే అమ్మాయి ఉన్నది. గానా పాట మగోళ్ళ సొత్తు అనుకునే కాడ ఆమె నిలబడి పాడింది. 2020ల బీబీసీ వంద మంది మహిళల జాబితాల ఆమె పేరు వచ్చింది. అయినా ఒక్క పేరు చెప్పి నేను తప్పించుకోను. నాట్లు వేసుకుంట, బతుకమ్మ ఆడుకుంట అప్పటికప్పుడు మాట కట్టేది మన ఆడోళ్ళే. మైకు పట్టే కాడికి వచ్చెసరికి మాయమైతున్నరు.

ఇప్పుడు అసలు ముచ్చట. ఈ పాటలు వినుడు ఎందుకు పెట్టుకున్నమో చెప్త.

ఒక వాడల ఇద్దరు పోరగాళ్ళు తెలుగుల సొంతంగ ర్యాప్ కట్టిండ్రు. నాయిన గేటు పాసు మీద. కాంట్రాక్టరు మారినప్పుడల్ల ఆ పాసు గుంజుకుంటరు, మళ్ళ ఇయ్యడానికి ఇంటి చుట్టు తిప్పుకుంటరు. దాని మీద పాట. ఏప్రిల్ 14 నాడు స్టేజీ మీద అయిదు నిమిషాలు అడిగిండ్రు. ఉత్సవ కమిటీ పెద్దలు ఏమన్నరు? "జయంతి నాడు గంతులేంది? బాబాసాహెబ్‌కు అవమానం" అన్నరు. మంచిది. మరి అదే సాయంత్రం ఊరేగింపుల ఏం పెట్టిండ్రు? వేల రూపాయల కిరాయి పెట్టి డీజే బాక్సులు తెచ్చిండ్రు. గుండెలు అదిరే సినిమా పాటలు. రాజీవ్ రహదారి మీద లారీల మోత కూడ ఇనపడలేదు. ఆ సినిమా పాటల బాబాసాహెబ్ ఉన్నడా? గేటు పాసు పాటల లేడా?

ఇంకో దిక్కు సూడండి. డప్పు కొట్టే కాకకు ఆ రోజు పిలుపే లేదు. తోలు వెచ్చగ కాపుకొని, చిర్ర చేతిల పట్టుకొని పొద్దుగూకేదాక కూసున్నడు. "ఎందుకు పిలవలే" అంటే పిల్లలు చెప్పిన మాట: "డప్పు అంటే సావు సార్. మనల్ని చూస్తెనే సావు గుర్తుకొస్తది వాళ్ళకు." వాళ్ళను తిట్టలేను. దొర ఇంటి ముంగట వెట్టికి కొట్టిన డప్పు అది, శవం ముందట నడిచిన డప్పు అది. ఆ అవమానం పిల్లలకు మనమే అప్పజెప్పినం. కని 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల మొదలైన ఉద్యమం తన పేరే దండోరా అని పెట్టుకున్నది. చాటింపు వేసే వెట్టి పని పేరును తలెత్తుకునే పేరు చేసింది. గా ముప్పై ఏండ్ల ముచ్చట ఈ పిల్లలకు ఎవరన్న చెప్పిండ్రా? మద్రాసుల పరై స్టేజీ మధ్యల నిలబడ్డది, మన డప్పు బాక్సుల వెనుక కూసున్నది.

పాట పాడి పేరు తెచ్చుకుంటె సరిపోతదా అంటే, అదీ లేదు. 2021 మార్చిల 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. మీ ఫోన్లల్ల కూడ మోగింది. అరివు తన ముసలవ్వ వల్లియమ్మాళ్ బతుకును అండ్ల పెట్టిండు. సింహళంల తేయాకు తోటల పని చేసి, మళ్ళ ఒట్టి చేతులతోని తిరిగి వచ్చిన ముసలమ్మ. పాట దేశం దాటింది. ఆ ఏడు ఆగస్టుల రోలింగ్ స్టోన్ ఇండియా పత్రిక ముఖచిత్రం మీద పాడిన అమ్మాయి ధీ బొమ్మ ఉన్నది, ఇంకో గాయకుని బొమ్మ ఉన్నది, అరివు లేడు. జనం నిలదీసినంక అరివు బొమ్మతోని ఇంకో ముఖచిత్రం తెచ్చిండ్రు. పాట ఎవరిది అని చానా రోజులు లొల్లి నడిచింది. 2024 మార్చిల సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ స్వయంగ చెప్పిండు, ఆ పాట మీద తమకు ఒక్క పైస రాలేదని. కోట్ల మంది విన్న పాట! బొగ్గు తవ్వినోడు చలికి వణికినట్టున్నది.

కంపెనీ మింగుడు ఒకటి. సర్కారు సాకుడు ఇంకోటి. తెలంగాణ కోసం ధూంధాంలల్ల కాళ్ళు అరిగేదాక ఆడినోళ్ళల్ల మనోళ్ళే ఎక్కువ. రాష్ట్రం వచ్చినంక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులు ఇచ్చిండ్రు. కొలువు వచ్చినందుకు సంతోషం, వాళ్ళ ఇంట్ల పొయ్యి వెలిగింది. కని నెల జీతం తీసుకొని పథకాల పాట పాడేటోడు గేటు పాసు పాట ఎట్ల పాడుతడు? అందుకే ఆ పాట ఇద్దరు పోరగాళ్ళ మీద పడ్డది. దాన్ని కూడ మనమే స్టేజీ ఎక్కనియ్యకపోతిమి.

కావట్టి నేను అడిగేది ఇంతే. వచ్చే జయంతికి బాక్సుల కిరాయిల సగం డప్పు జట్టుకు ఇయ్యాలె. ఇద్దరు పిల్లలకు అయిదు నిమిషాలు కాదు, పావుగంట ఇయ్యాలె. పాట రాసినోని పేరు, దరువు కొట్టినోని పేరు, రెండూ కరపత్రంల వెయ్యాలె. పాటను ఏ కంపెనీకన్న ఇచ్చే ముందు ఆ కాగితం నాలుగు కండ్లు చదవాలె. ఇంగ్లీషుల ఉంటె బడికి పట్టుకరాండ్రి, నేనున్న. తమ్ములకు ఒక షరతు: ప్రతి పాటల జనం ఎత్తుకునే ఒక్క వాక్యం ఉండాలె. ఆ వాక్యం లోడింగు అన్నకు నోటికి రాకపోతే మళ్ళ రాయాలె.

వాదం ఉన్నోళ్ళు తరువాత చెప్పండి, నోటుబుక్కుల ఇంకా పేజీలున్నయి. ఇప్పుడు ఆ ఇద్దరు ఇక్కడనే ఉన్నరు. ఫోన్ల దరువు వద్దన్న, ఒప్పుకున్నరు. కాకా, మంట కాడి నుంచి డప్పు తీసుకొని ఇటు మధ్యల కూసో. తమ్మీ, ముందుగాల కాక దెబ్బ విను, తరువాత మొదలువెట్టు.