సూర్యబింబమున చెలరేగు తుపానులు

(మన పాఠశాల విజ్ఞానసంఘ సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

 

2024 జూన్ మాసమున, వేసవి సెలవుల అనంతరము బడి తెరచిన మొదటి వారములో, ఏడవ తరగతి బాలిక ఒకతె నా గదికి వచ్చి, "అయ్యా, సూర్యునిలో తుపాను వచ్చిందట. అది మన ధర్మపురికి కూడ వస్తుందా?" అని అడిగినది. ఆ మే నెల 10, 11 తేదీలలో సూర్యుని నుండి వెడలిన పెనుతుపాను భూమిని తాకిన సంగతి ఆమె ఎక్కడనో వినియున్నది. తమిళములో విన్నదానిని తెలుగులో అడిగినది. నేను వెంటనే బదులు చెప్పజాలనైతిని. తెలియక కాదు, తెలిసినదానిని తెలుగులో ఎట్లు చెప్పవలెనో తోచలేదు. ఇరువదియేండ్లకు పైబడి తెలుగులో పాఠములు చెప్పినవానికి అది చిన్న సిగ్గు కాదు. ఆమెకు ఇయ్యవలసిన సమాధానమే నేటి నా ప్రసంగము.

ఈ కథ మన తెలుగునాటనే ఒక ముఖ్యమైన మలుపు తిరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీ ఉదయమున సంపూర్ణ సూర్యగ్రహణము సంభవించెను. దాని నీడ గుంటూరు, మచిలీపట్టణములమీదుగా సాగినది. దానిని చూచుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి, ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట తన పరికరములను అమర్చుకొనెను. ఆంగ్లేయుల పక్షమున మేజర్ టెన్నెంటును ఆ ఊరనే విడిసెను. మద్రాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్టణమున నిలిచెను.

సంపూర్ణగ్రహణ సమయమున చంద్రుని నల్లని అంచు చుట్టును ఎఱ్ఱని నాలుకలవంటివి కనబడును. వానిని సౌరశిఖలు అందము. అవి చంద్రునివా, సూర్యునివా అను తగవు అంతకు కొలది యేండ్లకు ముందే తీరినది, అవి సూర్యునివే. కాని అవి దేనితో చేయబడినవి? వెలుగును రంగులుగా విడదీసి చూపు వర్ణదర్శినిని జాన్సెన్ ఆ నాలుకలవైపు త్రిప్పగా కాంతిమంతమైన గీతలు కనబడెను. అనగా అవి మండుచున్న వాయువులు. అందు ప్రధానమైనది ఉదజని. ఇంతవరకు ఆనాడు తక్కిన పరిశీలకులును కనుగొనిరి. జాన్సెన్ చేసిన విశేషము వేరు. ఆ గీతలు అంత ప్రకాశముగా నున్నప్పుడు గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునుగదా అని అతనికి తోచినది. మరునాడు, అనగా ఆగస్టు 19న, మామూలు ఎండలో మరల పరికరమును సూర్యుని అంచువైపు త్రిప్పి చూచెను. గీతలు కనబడినవి! అప్పటివరకు గ్రహణకాలమున కొన్ని నిమిషములు మాత్రమే కనబడు సౌరశిఖలను ఆనాటినుండి ప్రతిదినమును పరిశీలించుటకు వీలు కలిగెను. గుంటూరులో ఉన్నన్ని దినములును అతడు వానిని చూచుచునే యుండెను. ఇంగ్లండులో లాకియరు అనువాడు ఇదే ఉపాయమును స్వతంత్రముగా ఆ అక్టోబరులో సాధించెను. ఇరువురి లేఖలును పారిసు విద్వత్పరిషత్తుకు ఒకే దినమున చేరినవి. తరువాత ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములను చెక్కించి ఒకే పతకమును ముద్రింపించినది. ఎవరు ముందు అని కలహించుకొనక వారిరువురు మిత్రులైరి.

ఇచ్చట ఒక మాట. హీలియమును జాన్సెన్ గుంటూరులో కనిపెట్టెనని చాల పుస్తకములలో వ్రాయుదురు. నేనును చాలకాలము అట్లే చెప్పితిని. అది సరికాదు. ఆ గ్రహణమున పసుపుపచ్చని గీత ఒకటి కనబడిన మాట నిజమే. అయితే అది సోడియపు గీత కాదనియు, భూమిమీద అంతవరకు తెలియని మూలకమునకు చెందినదనియు తలపోసి దానికి ఆ పేరు పెట్టినవాడు లాకియరు. భూమిమీద దానిని 1895లో రామ్సే పట్టుకొనెను. గుంటూరుకు దక్కవలసిన కీర్తి వేరొకటి యున్నది, అది చాలును. లేనిదానిని కూడ తెచ్చి కలుపనక్కరలేదు.

ఆ గ్రహణమునే చూచుటకు మద్రాసు నక్షత్రశాలనుండి మరియొకరు నిజాము రాజ్యములోని వనపర్తికి వెళ్లిరి. వారు చింతామణి రఘునాథాచారిగారు. అంతకు ముందటి సంవత్సరము ఆయన కాంతి హెచ్చుతగ్గులగు నక్షత్రము నొకదానిని కనుగొనియుండిరి. 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటు వింతను గూర్చి ఇంగ్లీషులోను, మరికొన్ని దేశభాషలలోను చిన్న పుస్తకమును ప్రకటించిరి. పంచాంగ గణనము కంటితో చూచినదానికి సరిపోవలెనని వాదించిరి. దూరదర్శిని యొద్ద పనిచేయుచు, చూచినదానిని ఇంటివారికి, వీథివారికి అర్థమగు మాటలలో చెప్పవలెనని తలచిన ఈ మనుష్యుని పేరు మన పిల్లలలో ఎందరికి తెలియును? నాకే నలువదియేండ్లు దాటిన పిమ్మట తెలిసినది.

ఇక సూర్యుని సంగతి. సూర్యుడు గట్టి గోళము కాడు; మండుటకన్న మించిన వేడిమిగల వాయురాశి. పైభాగమున సుమారు 5,500 డిగ్రీల వేడి. లోపలినుండి వాయువు కుతకుత ఉడుకుచు పైకి వచ్చి మరల దిగుచుండును. కుంపటిమీది అన్నపు ఎసరు చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ఈ వాయువు విద్యుదావేశము గలది గనుక దాని కదలికవలన అయస్కాంతశక్తి పుట్టుచున్నది. సూర్యుని నడుము ధ్రువములకంటె త్వరగా తిరుగును. అందువలన అయస్కాంత రేఖలు మెలికలు పడును. జడ అల్లునప్పుడు పాయలను మితిమీరి మెలిపెట్టిన ముడులుపడి పైకి లేచునుగదా, అట్లే ఈ రేఖలు పైకి పొడుచుకొని వచ్చును. అవి పొడుచుకొనిన తావులలో లోపలి వేడి పైకి రాక కొంత చల్లబడి నల్లగా కనబడును. అవే సూర్యుని మచ్చలు. చల్లబడినను అక్కడ నాలుగువేల డిగ్రీలకు దరిదాపుగా ఉండును. ఈ మచ్చల సంఖ్య సుమారు 11 యేండ్లకొకసారి హెచ్చి తగ్గుచుండును.

మెలిక మితిమీరినప్పుడు రేఖలు తెగి వేరొక విధముగా అతుకుకొనును. అందు దాగిన శక్తి ఒక్కసారిగ వెలువడును. వెలుగై వెలువడునది సౌరజ్వాల. అది ఎనిమిది నిమిషములలో మనలను చేరును. కొన్నిసార్లు కోట్లకొలది టన్నుల వాయువే విసిరివేయబడును. దానికి ఒకటి రెండు దినములు, ఒక్కొకప్పుడు మూడు నాలుగు దినములు పట్టును. మన బాలిక అడిగిన తుపాను ఇదియే.

1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో కారింగ్టన్ అనునతడు మచ్చల పటమును గీయుచుండగా రెండు తెల్లని మెఱుపులు కనబడి అయిదు నిమిషములలో మాసిపోయెను. పదునెనిమిది గంటలైనను గడువకముందే భూమి అయస్కాంతక్షేత్రము అల్లకల్లోలమైనది. తంతి తీగెలలో బ్యాటరీలు లేకయే విద్యుత్తు ప్రవహించినది. కొందరు తంతి గుమాస్తాలకు షాకులు తగిలినవి. బొంబాయి కొలాబాలోని పరిశోధనశాల పరికరములు కూడ ఆ తుపానును నమోదు చేసినవి. 1989 మార్చి 13న ఇటువంటిదే, ఇంతకంటె చిన్నది, కెనడాలోని క్యూబెక్కు రాష్ట్రమును తొమ్మిది గంటలు చీకటిలో ముంచినది.

కావున "ధర్మపురికి వస్తుందా" అను ప్రశ్నకు సమాధానమిది: వచ్చినది, అమ్మా. 2024 మే నెలలో అది నీ యింటి మీదను పడినది. నీకు తెలియలేదు. మనము భూమధ్యరేఖకు దగ్గరగా నున్నందున ఆకాశమున ఎఱ్ఱని వెలుగు మనకు కనబడలేదు. లడాకులోని హాన్లేలో మాత్రము కనబడినది. వాతావరణమును, భూమి అయస్కాంతక్షేత్రమును మన దేహములకు కవచములు. అయితే ఉపగ్రహములకు ఆ కవచము పూర్తిగా లేదు. 2022 ఫిబ్రవరిలో ఒక కంపెనీ ఎగురవేసిన 49 చిన్న ఉపగ్రహములలో 38, సామాన్యమైన సౌరతుపానుకే పైగాలి చిక్కబడి రాలిపోయినవి. కారింగ్టన్ కాలమున తీగెలు మాత్రమే చెడినవి. నేడు అటువంటిది వచ్చినచో టెలిఫోను, విమానము, విద్యుత్తు, బ్యాంకు అన్నియు దాని దారిలో నున్నవి.

దీనిని ముందుగా కనిపెట్టుటకే మనవారు కాచుకొనియున్నారు. మన రాష్ట్రమునందలి కొడైకెనాలు కొండమీద 1904 నుండి, మబ్బులేని దినములందు, సూర్యుని ఛాయాచిత్రములు తీయుచున్నారు. అక్కడనే 1909 జనవరిలో ఎవర్షెడ్ దొర మచ్చలలో వాయువు నడుమనుండి వెలుపలికి పాఱుచున్నదని కనుగొనెను. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య-ఎల్1 బయలుదేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున సూర్యునివైపు 2024 జనవరి 6న నిలిచినది. అక్కడ దానికి గ్రహణము లేదు, రాత్రి లేదు. 2024 ఫిబ్రవరి 22నాటి గొప్ప జ్వాలను అది చిత్రించినది. ఆ కార్యమునకు సారథ్యము వహించిన నిగర్ షాజీగారు మన తమిళనాటి సెంగోట్టలో పెరిగిన స్త్రీ. బాలికలు ఈ మాటను గుర్తుంచుకొందురుగాక.

ఇప్పుడు నా సంగతి కొంచెము చెప్పవలసియున్నది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణగ్రహణపు నీడ ఆంధ్రదేశముమీదుగా పోయినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి రంగాపురము నక్షత్రశాలకు దేశవిదేశముల శాస్త్రజ్ఞులు వచ్చిరి. మన ఊర పాక్షికముగనే యైనను పెద్ద గ్రహణము. అప్పుడు నాకు పదియేండ్లు. మా నాయనమ్మ కిటికీలు మూసి, గడియ వేసి, ఇత్తడి పళ్లెరములో నీళ్లు పోసి రోకలిని నిలువబెట్టి, "చూడరా, గ్రహణబలము" అనెను. నిలిచినది. పెద్దవాడనైన తరువాత ఒక ఆదివారము, గ్రహణము లేని దినమున, ఆ రోకలినే నేను నిలువబెట్టితిని. అప్పుడును నిలిచినది. ఆమె లేదు గనుక చెప్పుటకు వీలుపడలేదు, ఉన్నను చెప్పియుండనేమో. ఆమె భయము పిల్లవాని కన్నులను గూర్చినది. ఆ భయములో సగము న్యాయమే. సూర్యుని నేరుగా చూచినవాని కంటి తెర కాలును, నొప్పి మాత్రము తెలియదు. నల్లకళ్లద్దములు, ఎక్సురే ఫిలిములు, పళ్లెరములోని పేడనీళ్లు ఏవియు రక్షణ కావు. దూరదర్శినితో చూచుట మరింత ప్రమాదము.

అయినను తలుపులు మూసికొనవలసిన పనిలేదు. చిన్న అద్దమునకు నల్లకాగితము అంటించి, నడుమ అర అంగుళములో సగమంత రంధ్రము విడువుడు. దానిని ఎండలో ఉంచి, చీకటి గదిలోని తెల్లగోడమీద వెలుగు పడునట్లు త్రిప్పుడు. అద్దమును ఎవరి కన్నులవైపును త్రిప్పరాదు. గోడమీద పడునది అద్దపు ఆకారము కాదు, సూర్యబింబమే. అద్దమునకు గోడకు గల దూరమును ఇంచుమించు 108చే భాగించిన బింబపు వెడల్పు వచ్చును. సూర్యుని దూరమును ఆయన వ్యాసమునకు సుమారు 108 రెట్లే. జపమాల పూసలకును దీనికిని సంబంధమున్నదో లేదో నేను చెప్పను. లెక్క మాత్రము మీరే చేసి చూడుడు. పెద్ద మచ్చలు వచ్చిన దినములలో అవియును గోడమీద మసకగా కనబడును.

2027 ఆగస్టు 2, సోమవారము సాయంకాలమున మనకు పాక్షిక సూర్యగ్రహణము కలదు. ఆనాడు బడి వదలిన పిమ్మట ఎవరును ఇంటికి పరుగెత్తవలదు. పడమటి వరండాలో గోడకు సున్నము వేయించి యుంచెదను. అద్దములు మీరు తెండు.